ఆడదోమ ఆహారము, సంతానము



దోమ కుట్టినదని మనమందరము అందుము. కుట్టునది ఆడదోమ మాత్రమే. మగదోమ పూలతేనెతో కాలము గడుపును. బ్రదుకుటకు ఆడదానికిని తీపిరసములే చాలును. రక్తము కావలసినది గ్రుడ్ల కొఱకు.

డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ ఈజిప్టై దోమను తీసికొందము. కాళ్ళపై తెల్లని పట్టెలు గల యీ దోమ పగటివేళ కుట్టును. ఒక్కమారు త్రాగు రక్తము ఇంచుమించు తన దేహపు బరువంత యుండును. కాని రక్తములోని మాంసకృత్తులు ఉన్నవి ఉన్నట్లుగా గ్రుడ్డులోనికి పోజాలవు. నూరురూపాయల నోటును చిల్లర మార్చినగాని కూరలబండి వద్ద బేరము సాగదు గదా!

ఆ చిల్లర మార్చు పని ట్రిప్సిన్ అను జీర్ణరసముది. కడుపులో రక్తము పడిన కొలదిసేపటికే అది స్వల్పముగా ఊరును. పిమ్మట మఱియొక రకపు ట్రిప్సిన్ విస్తారముగా వెలువడి, సుమారు 24 గంటలకు పరాకాష్ఠ నందును. మాంసకృత్తులు విడిపోయి ఎమినో ఆమ్లములగును. ఇవి గ్రుడ్లకు ముడిసరకు మాత్రమే కాదు, కబురు కూడ. ఇవి హెచ్చినవని తెలిసినగాని దోమ దేహములోని కొవ్వుకణజాలము పని ప్రారంభింపదు. హార్మోనులును తోడ్పడగా అచ్చట విటెల్లోజెనిన్ అను సొనపదార్థము తయారై అండాశయమును చేరును. మూడు దినములలో సుమారు 100 గ్రుడ్లు సిద్ధమగును. ప్రయోగశాలలో ట్రిప్సిన్‌ను అరికట్టిచూడగా గ్రుడ్ల సంఖ్య తగ్గినది.

ఇందొక వింత గలదు. గ్రుడ్డునకు ఐసోల్యూసిన్ అను ఎమినో ఆమ్లము తప్పనిసరి. మానవుల హీమోగ్లోబినులో అది బొత్తిగా లేదు! మన రక్తము దోమకు గొప్ప విందేమియు కాదన్నమాట. అయినను ఏడిస్ మనలనే వెదకికొని వచ్చును. దాని అభిరుచి నేమనవలెనో!

ఒక విడత గ్రుడ్లు పెట్టిన పిమ్మట, మఱియొక విడతకు మరల రక్తము కావలెను. అపాయమంతయు ఇందే యున్నది. రోగిని కుట్టినపుడు చేరిన వైరసు కొన్ని దినములకు దోమ లాలాజలమును చేరును. తరువాతి కాటుతో వేఱొకరికి సంక్రమించును. సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని చూచినదియు వేఱుజాతి దోమయొక్క కడుపు గోడలోనే.

ఇక మన యిండ్ల సంగతి. వేసవిలో కిటికీలకు అమర్చు కూలర్లు ఏడిస్‌కు పురిటిగదులు. గ్రుడ్లను నీటిమట్టమునకు కొంచెము పైగా, తడిగోడకు అంటించును. ఎండినను అవి నెలల తరబడి చావవు. మరల నీరు తగిలినంతనే పొదుగును. కావున నీరు పారబోసిన చాలదు. వారమున కొకమారు కూలరు లోపలి గోడలను బ్రష్షుతో గట్టిగా రుద్ది కడుగవలెను.