సైకిల్ సంచిలో ఏముండాలి?



గోలేటి బొగ్గు గనుల ఊరు. కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలో ఉంది. చుట్టుపక్కల అడవి. రోడ్డు మీద బొగ్గు లారీలు. పక్క బాటల్లో రాళ్ళు, తుమ్మ ముళ్ళు. ఇలాంటి చోట సైకిల్ తొక్కే ఆడమనిషి ముందే ఆలోచించుకోవాలి. ఊళ్ళో పంచరైతే షాపు ఉంటుంది. బాట మధ్యలో అయితే ఎవరుంటారు? పొద్దు గూకే వేళ సైకిల్ నెట్టుకుంటూ నడవాలి. లేదా ఎవరైనా వస్తారేమోనని దిక్కులు చూడాలి. చేతిలో సెల్‌ఫోన్ ఉండొచ్చు. కానీ ఫోను ట్యూబులో గాలి కొట్టదు కదా!

అందుకే సీటు వెనుక ఒక చిన్న సంచి కట్టుకోవాలి. పాత గుడ్డతో ఇంట్లోనే కుట్టుకోవచ్చు. అందులో ఇవి ఉండాలి:

1. సైకిల్ నట్లకు సరిపోయే పానా, ఒక స్క్రూడ్రైవర్.
2. టైరు ఊడదీసే రెండు పట్టీలు.
3. పంచర్ సామాను: సొల్యూషన్, రబ్బరు ముక్కలు, గరుకు కాగితం.
4. ఒక కొత్త ట్యూబు, రెండు వాల్ ట్యూబు ముక్కలు.
5. చిన్న గాలి పంపు.
6. కొంచెం ఇనుప తీగ, పాత గుడ్డ, చిన్న టార్చిలైటు.

వానాకాలంలో వీటిని ప్లాస్టిక్ కవర్లో చుట్టాలి. కొండ బాటల్లో గేర్ల సైకిల్ తొక్కేవాళ్ళకు ఇంకో మూడు కావాలి. ఎల్ ఆకారంలో ఉండే ఆరు పలకల పానాలు, చైను విప్పి కలిపే పనిముట్టు, ఒక బ్రేకు వైరు.

గాలి పోయిందంటే ప్రతిసారీ పంచరే కాదు. ముందు వాల్వు మీద కాస్త ఉమ్మి రాసి చూడాలి. బుడగ వస్తే వాల్ ట్యూబు పాడైనట్టే. అది మారిస్తే చాలు. బుడగ రాకపోతే టైరు ఒక పక్క ఊడదీసి ట్యూబు బయటికి లాగాలి. చక్రం విప్పనక్కర లేదు. ట్యూబులో గాలి కొట్టి చెంప దగ్గర పెట్టుకుంటే గాలి ఎక్కడ పోతుందో తెలుస్తుంది. అక్కడ గరుకు కాగితంతో రుద్ది సొల్యూషన్ రాయాలి. అది ఆరాకనే ముక్క అంటించాలి. తొందరపడితే ఊడిపోతుంది.

ఒక్క పని మరవొద్దు. టైరు లోపల జాగ్రత్తగా తడిమి ముల్లు తీసేయాలి. ముల్లు అక్కడే ఉంటే కొత్త ట్యూబుకూ అదే గతి.

ట్యూబు కొనేటప్పుడు చదువు అక్కరకొస్తుంది. టైరు పక్కన అంకెలు ఉంటాయి. పాత రకం పెద్ద సైకిల్‌కు 28 × 1½ అని ఉంటుంది. గేర్ల సైకిల్‌కు 26 × 1.95 అని ఉండొచ్చు. ఆ అంకెలు కాగితం మీద రాసుకుని షాపులో చూపించాలి. "ఏదో ఒకటి ఇవ్వు" అంటే సరిపడనిది అంటగట్టొచ్చు.

ఇవన్నీ మగవాళ్ళ పనులని కొందరంటారు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1991లో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. అక్కడ చదువుతో పాటు సైకిల్ కూడా నేర్చుకున్నారు. అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్ ఈ పనికి అండగా నిలిచారు. కూలి చేసుకునే ఆడవాళ్ళు కూడా వేలమంది సైకిలెక్కారు. నవ్విన వాళ్ళ ముందే తొక్కారు. సైకిల్ తొక్కిన చేతులకు పానా తిప్పడం బరువా?

అయితే సంచి నింపితే సరిపోదు. చేతికి పని రావాలి. మూత తీసిన సొల్యూషన్ కొన్నాళ్ళకు ఎండిపోతుంది. నెలకొకసారి నొక్కి చూడాలి. వచ్చే ఆదివారం ఇంటి ముందు కూచుని, పాత ట్యూబుకు ఒక ముక్క అంటించి చూడండి. పైన చెప్పిన సామాన్ల పేర్లు మీ చేత్తో ఒక చీటీ మీద రాయండి. చీటీని సంచిలోనే పెట్టండి. బయలుదేరే ముందు చీటీ చదివి, ఒక్కొక్కటీ ఉందో లేదో చూసుకోండి. అప్పుడు బాటలో ఎక్కడ ఆగినా, ఒకరి దయ కోసం ఎదురుచూసే అవసరం ఉండదు.