కోచ్‌ను మారిస్తే చాలునా?

(రేడియో ప్రసంగ పాఠము)

ధ్యాన భాగము: సంఖ్యాకాండము 14:1–10

గోదావరిఖని బొగ్గు బావుల్లో షిఫ్టు ముగించుకొని ఇంటికి చేరిన సహోదరులకు, సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య ఈ మాటలు వింటున్నవారికి, ఆదిలాబాదు పత్తి చేలలో పగలంతా వంగి పనిచేసి ఇప్పుడే నడుము వాల్చిన తల్లులకు దేవుడు తన సమాధానమును అనుగ్రహించును గాక.

ఈ దినమున మనము ధ్యానించబోయే అంశము కొంత వింతగా తోచవచ్చు. ఆటలో ఓడిపోయే జట్టును గూర్చి, ఆ జట్టును ప్రేమించి విసిగిపోయే అభిమానిని గూర్చి ఆలోచిద్దాము. ఆటలకు, వాక్యమునకు ఏమి సంబంధమని అడగవద్దు. పందెపు రంగములో పరుగెత్తేవారిని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు మాదిరిగా చూపించాడు గదా!

మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో కబడ్డీ కోర్టు గీయని ఊరు అరుదు. సున్నంతో నాలుగు గీతలు గీస్తే చాలు, ఏడుగురు ఇటు, ఏడుగురు అటు. ఖర్చులేని ఆట. అందుకే 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలైనప్పుడు మన పిల్లలు తెలుగు టైటాన్స్ జట్టును సొంత జట్టుగా చేసుకున్నారు. తొలి సంవత్సరాల్లో ఆ జట్టు బాగానే ఆడింది. 2015లో మూడవ స్థానములో నిలిచింది. తరువాత దిగజారింది.

ఆ లెక్కలు ఒకసారి వినండి. 2021 డిసెంబరులో మొదలైన ఎనిమిదవ సీజన్‌లో 22 ఆటలు ఆడి గెలిచింది ఒకే ఒకటి. 2022లో తొమ్మిదవ సీజన్‌లో 22 ఆటలకు రెండు. 2023 డిసెంబరు నుండి జరిగిన పదవ సీజన్‌లో మళ్లీ 22 ఆటలకు రెండే. మూడు సీజన్లు, 66 ఆటలు, 5 గెలుపులు. 12 జట్లలో మూడుసార్లూ చిట్టచివరి స్థానము. పదవ సీజన్‌కు ముందు పవన్ సెహ్రావత్ అనే గొప్ప రైడర్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలు పెట్టి కొన్నారు. అది అప్పటికి లీగ్ చరిత్రలోనే అత్యధిక ధర. అయినా స్థానము మారలేదు. ఆ మూడు సీజన్లలో కోచ్‌లు మారారు, ఆటగాళ్లు మారారు. పట్టికలో అడుగున ఉన్న పేరు మాత్రము మారలేదు.

మా సంఘములో డిగ్రీ చదివే ఒక యౌవనస్థుడు ఆ రోజుల్లో ఆరాధన ముగిసిన తరువాత నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మనోళ్లు మళ్లా ఓడిన్రు. గా కోచ్‌కు ఆట తెల్వదు. ఎవల్ని ఎప్పుడు దింపాల్నో తెల్వదు. ముందుగాల గాయినను తీసెయ్యాలె" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు ఒక్కటే తక్కువ. నేను నవ్వలేదు. ఎందుకంటే ప్రేమ లేనివానికి కోపము రాదు. తనది అనుకున్న జట్టు ఓడితేనే మనిషికి రాత్రి అన్నము సయించదు. అలాగే తన సంఘము, తన బడి, తన ఊరు, తన ఇల్లు చెడిపోతుంటే బాధపడే మనుష్యుని దేవుడు తప్పుపట్టడు. ఆ బాధ ఏ దారిన పోతుంది అన్నదే ప్రశ్న.

ఇప్పుడు వాక్యములోనికి వద్దాము. ఇశ్రాయేలీయులు వాగ్దాన దేశపు సరిహద్దులో నిలిచియున్నారు. పన్నెండుగురు వేగులవారు 40 దినములు ఆ దేశము చూచి వచ్చారు. ఇద్దరు మనుష్యులు కఱ్ఱమీద మోసుకొచ్చిన ద్రాక్షగెల అందరి కళ్లముందే ఉంది. అయినను పదిమంది చెప్పిన భయపు మాటలు విని జనమంతా రాత్రంతా ఏడ్చారు. తెల్లవారేసరికి వారు కనుగొన్న పరిష్కారము ఏమిటో తెలుసా? మరియొక నాయకుని పెట్టుకొని ఐగుప్తునకు తిరిగి పోదాము అన్నారు. నేటి భాషలో చెప్పాలంటే, కోచ్‌ను మార్చేద్దాము అన్నారు!

ప్రియులారా, ఇందులో మనము మూడు సంగతులు గమనించాలి.

మొదటిది, సణుగుడు మనిషిని మార్చమంటుంది, లోపమును మాత్రము చూడనివ్వదు.

ఇశ్రాయేలు సమస్య మోషేనా? కాదు. వారి గుండెల్లోని భయము. కొత్త నాయకుడు వచ్చినా అదే భయముతో, అదే ఐగుప్తు వైపే నడిచేవారు. కబడ్డీ తెలిసినవారికి ఈ సంగతి సులభముగా అర్థమవుతుంది. రైడర్ ఎంత గొప్పవాడైనా ఒక్క రైడ్‌కు అతనికున్నది 30 సెకన్లే. తరువాత ఇవతలి గీత కాచేది మూలల్లో నిలిచిన డిఫెండర్లు. చెయ్యి చెయ్యి పట్టుకొని నిలిచే ఆ గొలుసు తెగితే, రెండున్నర కోట్ల రైడర్ కూడా బయట బల్లమీద కూర్చొని చూడవలసినదే.

మన సంఘాలలో జరిగేది ఇదే కాదా? మూడేండ్లకొక పాస్టరుగారిని మార్చమని పై అధికారులకు అర్జీలు పెడతాము. ముందున్నాయన ప్రసంగము పొడుగు అన్నాము. తరువాత వచ్చినాయన ఇండ్లకు రాడు అన్నాము. ఇప్పుడున్నాయనకు పాట రాదు అంటున్నాము. ముగ్గురు మారినా ఆదివారపు బడికి పిల్లలు రాకపోతే, రెండు కుటుంబాల మధ్య పాత పగ అలాగే ఉంటే, లోపము ప్రసంగ పీఠము మీద మాత్రమే ఉన్నదా? ఆలోచించండి.

రెండవది, ఓటమిని చదవగలిగినవాడే నిజమైన శిక్షకుడు.

మన హైదరాబాదులోనే పుట్టి పెరిగిన ఒక గొప్ప కోచ్‌ను గూర్చి చెబుతాను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదివి, బడిలో పిల్లలకు పాఠాలు చెప్పినవాడు. 1950 నుండి హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకు, తరువాత భారత జట్టుకు శిక్షణ ఇచ్చాడు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయింది. పది గోల్స్! ఆ చలి దేశములో మనవారిలో చాలామంది బూట్లు లేకుండా ఉత్త కాళ్లతో ఆడారు. ఆ దినమున దేశములోని ఏ అభిమానిని అడిగినా ఏమనియుండేవాడు? "ఈ కోచ్‌ను ఇంటికి పంపండి" అనేవాడే.

అయితే ఆ ఓటమి నుండి పాఠము నేర్చుకున్నారు. బూట్లు లేకుండా ఆడకూడదని దేశములో నియమము వచ్చింది. రహీం ఆటను మొదటినుండి దిద్దాడు. బంతిని ఒక్కడే తన్నుకుంటూ పోకూడదు, తోటివానికి అందించాలి అని నేర్పడానికి డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టాడు. అలవాటు లేని కాలితోనే ఆడాలి అని మరికొన్ని పోటీలు పెట్టాడు. కుడికాలితో ఆడే కుర్రవాడు ఎడమకాలితో తన్నబోయి తడబడుతుంటే చూచేవారు నవ్వియుందురు. కానీ నాలుగేండ్ల తరువాత 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో అదే రహీం శిక్షణలో భారత జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరి, నాలుగవ స్థానములో నిలిచింది.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓటమి. తరువాత థాయ్‌లాండ్‌తో ఆడినప్పుడు జర్నైల్ సింగ్ అనే డిఫెండర్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం అతనిని పక్కన పారవేయలేదు, స్థానము మార్చాడు. వెనుక కాపలా కాసేవానిని ముందు వరుసలో గోల్ కొట్టేవానిగా నిలిపాడు. కట్టుకట్టిన తలతోనే అతడు సెమీఫైనల్‌లో ఒక గోల్, ఫైనల్‌లో ఒక గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న అదే దక్షిణ కొరియాను 2–1తో ఓడించి మన జట్టు బంగారు పతకము గెలిచింది. అప్పటికే రహీం దేహములో క్యాన్సర్ ఉన్నది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశాడు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశమునకు మరల బంగారు పతకము రాలేదు.

1952లో ఆ పది గోల్స్ చూచి ఆయనను శాశ్వతముగా పంపివేసియుంటే 1962 ఉండేదా?

గాయపడినవానికి మరొక స్థానము చూపించుట బైబిలులోనూ ఉంది. మార్కు అనబడిన యోహాను పెర్గే దగ్గర జట్టును విడిచి ఇంటికి వెళ్లిపోయాడు. అటువంటివాడు మనకు వద్దని పౌలు అన్నాడు. బర్నబా మాత్రము అతనిని చేయిపట్టుకొని కుప్రకు తీసికొనిపోయాడు. ఏండ్లు గడిచిన తరువాత అదే పౌలు చెరసాలనుండి తిమోతికి వ్రాస్తూ, మార్కును వెంటబెట్టుకొని రమ్మని, అతడు తన పరిచర్యకు పనికివచ్చేవాడని చెప్పాడు. బర్నబా ఓపిక లేకపోతే ఆ మాట పౌలు వ్రాయగలిగేవాడా? పదవ తరగతి తప్పిన మీ కుమారుని విషయములో, తాగుడు మాని మళ్లీ జారిపడిన మీ సహోదరుని విషయములో మీరు ఎవరి పక్షము? స్కోరు చూచి లేచిపోయేవారి పక్షమా, బర్నబా పక్షమా?

మూడవది, విమర్శ పాపము కాదు గాని, అది గుడారములో చేయవలసినది కాదు.

ఇక్కడ ఎవరైనా అడగవచ్చు. "అయ్యగారూ, అయితే నాయకుడు ఏమి చేసినా నోరు మూసుకోవాలా?" అని. ఎంతమాత్రము కాదు! మందను మేపక తమను తామే మేపుకొనే కాపరులను దేవుడు యెహెజ్కేలు 34వ అధ్యాయములో ఎంత కఠినముగా గద్దించాడో చదవండి. ఆట తెలియని కోచ్‌ను మార్చవలసి వస్తే మార్చవలసినదే. సంఘపు సొమ్ము లెక్క చెప్పని పెద్దను అడగవలసినదే.

కానీ ఎలా అడగాలి? మోషే జీవితములోనే ఇద్దరు విమర్శకులు కనబడతారు. ఒకరు, తమ తమ గుడారములలో కూర్చొని సణిగిన జనము. రెండవవాడు మోషే మామయైన యిత్రో. ఆయన ఒక దినమంతా కూర్చొని అల్లుడు చేసే పని కళ్లారా చూచాడు. ఉదయమునుండి సాయంకాలము వరకు మోషే ఒక్కడే తీర్పు తీర్చుట చూచి, ఈ పద్ధతి మంచిది కాదు, నీవూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అని ముఖముమీదనే చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతులను నియమించమని మార్గము చూపించాడు. మోషే విన్నాడు, ఆలాగే చేశాడు.

చూచారా తేడా? జనము చూడకుండానే మాట్లాడారు. యిత్రో చూచి మాట్లాడాడు. జనము వెనుక మాట్లాడారు. యిత్రో ఎదుట మాట్లాడాడు. జనము రాళ్లు పట్టుకున్నారు. యిత్రో బరువు పంచే దారి చూపాడు. ఈ వారములో మీ నాయకుని గూర్చి, మీ కోడలిని గూర్చి, మీ ఉపాధ్యాయుని గూర్చి మీరు మాట్లాడిన మాటలు ఈ రెండింటిలో ఏ వరుసలో ఉన్నాయి?

తెలుగు టైటాన్స్ కథ కూడా అక్కడితో ఆగలేదు. 2024లో క్రిషన్ కుమార్ హుడా అనే అనుభవముగల కోచ్ వచ్చాడు. ఆ సీజన్‌లో జట్టు చివరి స్థానమునుండి ఏడవ స్థానమునకు లేచింది. ప్లేఆఫ్ మెట్టు అందలేదు. అయినా ఆయనను మార్చలేదు. 2025లో అదే కోచ్ క్రింద, విజయ్ మలిక్ నాయకత్వములో ప్లేఆఫ్‌లకు చేరింది. కప్పు గెలవలేదు. కానీ అడుగున పడియున్న జట్టు తల ఎత్తుకున్నది. చూచారా, ఇక్కడ కోచ్‌ను మార్చడమూ ఉన్నది, మార్చకుండా ఓర్చుకోవడమూ ఉన్నది. సరియైనవానిని వెదకుటకు వివేకము కావాలి. దొరికినవానికి సమయము ఇచ్చుటకు ఓర్పు కావాలి.

ముగించే ముందు ఒక్క మాట. మన ఊళ్లలో కబడ్డీ ఆడే పిల్లలు అవుటైనవానిని "సచ్చిండు" అంటారు. వాడు ఎంత బలవంతుడైనా తనంతట తాను గీత దాటి లోపలికి రాలేడు. తోటివాడు ఒక పాయింటు తెస్తేనే "బతికిండు" అని పిలుస్తారు. వీడు బయట కూర్చొనియుండగా, వీనికోసము ఆడేవాడు లోపల మరొకడున్నాడు.

రాళ్లు పట్టుకున్న ఆ జనమును దేవుడు నాశనము చేసి, మోషేనే గొప్ప జనముగా చేస్తానన్నప్పుడు, మోషే ఒప్పుకోలేదు. తనను కొట్టబోయినవారి కొరకే బతిమాలుకున్నాడు. ఆ మోషేకంటె గొప్పవాడు మనకున్నాడు. మనము అపరాధములచేత చచ్చి గీత అవతల కూర్చుండగా, మనపక్షముగా ఒంటరిగా శత్రువు సరిహద్దులోనికి వెళ్లి, సిలువలో పట్టబడి, మూడవ దినమున లేచి వచ్చినవాడు యేసుప్రభువు. ఆయన లేచాడు గనుక మనము బ్రదికాము. అట్టి కృప పొందినవారము, తడబడుతున్న తోటివానిమీద రాయి ఎలా ఎత్తుతాము?

ప్రార్థించుకుందాము. కృపగల తండ్రీ, మా నోటి సణుగుడును క్షమించుము. మా నాయకులకు వినే చెవిని, మాకు ఎదుట నిలిచి ప్రేమతో సత్యము చెప్పే ధైర్యమును దయచేయుము. ఓడిపోయి కూర్చున్న ప్రతి యౌవనస్థుని, ప్రతి కుటుంబమును, ప్రతి సంఘమును మరల లేవనెత్తుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.