శ్రీశైలమునకు కాలినడక: మూడు దినములా, పది దినములా?

(మాన్వి తెలుగువారి సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఈ ఉగాదికి మనవారందరు కలిసి శ్రీశైలమునకు కాలినడకన పోవలెనని నిశ్చయమైనది. ఏ విధమున పోవలెనన్నదే ఇంకను తేలలేదు. ఆత్మకూరు వరకు బస్సులో పోయి, అక్కడినుండి నల్లమల అడవిదారిని మాత్రము నడుతమనియు, మూడు దినములలో ముగియుననియు యువకులు అనుచున్నారు. మాన్వినుండియే బయలుదేరి మంత్రాలయము, ఎమ్మిగనూరు, కర్నూలు, నందికొట్కూరు మీదుగా నడువవలెనని మరికొందరు పట్టుపట్టుచున్నారు. ఇది రెండువందల కిలోమీటర్లు మించిన నడక. తొమ్మిది పది దినములకు తక్కువ కాదు. మార్చి నెలాఖరు లెక్కలవేళ పది దినములు దుకాణము విడుచుట యెంత కష్టమో వ్యాపారస్థులమైన మాకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినను మేము పొడుగుదారి పక్షముననే మాట్లాడుచున్నాము.

పొట్టిదారి స్వభావము ముందు తెలిసికొందము. ఆత్మకూరు దాటి వెంకటాపురము కడ అడవి ప్రవేశించి, నాగలూటి, పెద్దచెరువు మీదుగా భీమునికొలను లోయలోనికి దిగవలెను. అక్కడినుండి కైలాసద్వారమునకు నిలువున మెట్లెక్కవలెను. శ్రీశైలమునకు మెట్లు కట్టించిన కీర్తి 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డికి దక్కినది. మెట్లున్నంత మాత్రమున కొండ పొట్టిది కాలేదు. అన్నిటికంటె కఠినమైన ఎక్కుడు, కాళ్లలో సత్తువ తరిగిన పిమ్మట, కడపట వచ్చుచున్నదని గమనింపుడు. ఉగాదినాటికి చెట్లు ఆకు రాల్చి నీడ నీయవు, వాగులు ఎండియుండును. దేవస్థానమువారును దాతలును నీళ్లు, అన్నము ఏర్పాటు చేయుదురు, నిజమే. కాని వాచిన మోకాలిని ఏ అన్నదానమును మోయదు. అది పులుల అభయారణ్యము. ఉత్సవదినములలో తప్ప ఆ దారిని పోనీయరు. నడుమ కూలబడినవానికి బస్సు లేదు.

మన వీధి యువకుడొకడు, దినమంతయు గల్లాపెట్టె కడ కూర్చుండువాడు, ఒక ఉగాదికి ఇట్లే నేరుగా ఆత్మకూరులో దిగి అడవి పట్టెను. రెండవనాటికి అరికాళ్లు బొబ్బలెక్కెను. భీమునికొలను మెట్లపై అతనిని నలుగురు భుజము పట్టి ఎక్కించిరి. వారి యాత్రయు అతని యాత్రయే అయినది. ఆ నలుగురిలో ఇద్దరు ఈ సభలోనే యున్నారు. మా మాట అబద్ధమైన లేచి చెప్పవచ్చును.

ఇక పొడుగుదారి. మొదటి దినములు చదునైన నేల. కాలు కాస్త కాస్తగా కాయ కట్టును. మంత్రాలయము చేరునాటికే ఎవరు నడువగలరో, ఎవరు నడువలేరో తేలిపోవును. నడువలేనివారు స్వామిదర్శనము చేసికొని ఆ సాయంకాలమే బస్సెక్కి ఇల్లు చేరవచ్చును. అందు చిన్నతనము లేదు. కర్నూలులోను అంతే. ఆత్మకూరు నాటికి మిగిలినవారు పరీక్షకు నిలిచినవారు. అప్పుడు అడవి ప్రవేశించిన భయము లేదు.

ఇది మన యూరి మాట మాత్రమే కాదు. కాశ్మీరమున అమరనాథమునకును రెండు దారులున్నవి. బాల్తాల్ దారి 14 కిలోమీటర్లే గాని మిక్కిలి నిటారు. పహల్గాం దారి చందన్‌వాడి, శేషనాగ్, పంచతరణి మీదుగా మూడు దినములు పట్టును; ఎత్తునకు శరీరము మెల్లగా అలవాటు పడును. అక్కడ ఆరోగ్యపత్రము లేనిదే ఎవరిని ఎక్కనీయరు. 1996లో ఆ యాత్రలో మంచుతుపానునకు చిక్కి రెండువందలకు పైగా మరణించిరి. నల్లమలలో మంచు లేదు, ఎండ యున్నది.

మన ఇరుగుపొరుగు కన్నడ సోదరులను చూడుడు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచని వారు భావింతురు. చీర, పసుపు, కుంకుమ తీసికొని ఏటేట వందల కిలోమీటర్లు నడిచి పోవుదురు. కొందరు కొయ్యకాళ్లపైనను నడుతురు! తుంగభద్ర కాలువ నీటిని నమ్మి మన తాతలు తూర్పునుండి ఇక్కడి క్యాంపులకు వచ్చిరి; వీరు ఏటేట తూర్పునకు నడుచుచున్నారు. వారి జట్ల వెంట పోయిన, ఎక్కడ దిగవలెనో, ఏ జామున లేవవలెనో వారే నేర్పుదురు. ఒకే తాలూకాలో ఇన్నేండ్లు బ్రతికియు వారితో కలిసి నడువకపోవుట మాకు లోటుగనే తోచుచున్నది.

పది దినములు సెలవు దొరకని ఉద్యోగులు కర్నూలులో కలియవచ్చును. అక్కడినుండి నడిచినను అడవికి ముందు రెండు మూడు దినముల అలవాటు కలుగును. ఆత్మకూరులో దిగి కలియుదుమనువారిని మాత్రము జట్టులో చేర్చుకొనలేము. వృద్ధులును, మోకాళ్లనొప్పులవారును దోర్నాల ఘాటురోడ్డున బస్సులో వచ్చి మనకంటె ముందే కొండపై సత్రమున గదులు చూచియుంచిన మహోపకారము.

పేర్లు వచ్చు ఆదివారములోపల మా దుకాణమున వ్రాయింపుడు. నేటినుండి ప్రతిదినము తెల్లవారుజామున రెండు గంటలు నడువుడు. యాత్రకని క్రొత్త చెప్పులు కొని, వానితోనే బయలుదేరవద్దు. చెప్పుల వ్యాపారము చేయు మన సోదరులు ఈ మాటకు మమ్ము క్షమింతురు గాక.