క్షయ రోగికి మాత్రతో పాటు పప్పూ కావాలి

(మండల రైతు సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ్టి ఎజెండాలో యూరియా ఉంది, పంటల బీమా ఉంది, కౌలు కార్డులు ఉన్నాయి. వీటి మధ్య క్షయ ఎందుకొచ్చిందని కొందరు అడిగారు. ఈ జబ్బు ఎక్కువగా రెక్కలాడే వయసులో ఉన్నవాళ్లకే వస్తుంది. ఆ మనిషి పడిపోతే కౌలు పొలం పోతుంది, అప్పు పెరుగుతుంది, పిల్లల చదువు ఆగుతుంది. అందుకే ఇది మన సంఘం మాట్లాడాల్సిన విషయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో మన దేశంలో సుమారు 28 లక్షల మందికి క్షయ వచ్చింది. ప్రపంచంలో ప్రతి నలుగురు రోగుల్లో ఒకరు మన దేశం వాళ్లే. ఆ ఒక్క ఏడాదే మూడు లక్షల మందికి పైగా చనిపోయారు. 2015లో లక్ష జనాభాకు 237 మందికి వస్తే 2023 నాటికి అది 195కు తగ్గింది. తగ్గిన మాట నిజమే. కానీ 2025 కల్లా అంతం చేస్తామని 2018లో కేంద్రం చెప్పిన మాట మాత్రం నెరవేరలేదు.

మందు లేదా అంటే ఉంది. మన మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో శానిటోరియం పెట్టిన రోజుల్లో మందు లేదు. గాలి, విశ్రాంతి, మంచి తిండి, అంతే వైద్యం. 1956లో మద్రాసులో ఒక పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. కొందరు పేద రోగులను శానిటోరియంలో ఉంచి, మరికొందరిని ఇంటి దగ్గరే ఉంచి మందులిచ్చారు. ఇంట్లో మందులు వాడినవాళ్లకూ అంతే బాగా నయమైంది. వాళ్ల వల్ల ఇంట్లో మిగతావాళ్లకు అదనంగా జబ్బు అంటుకోలేదని కూడా తేలింది. రోగిని వెలివేయక్కర్లేదని అరవై ఏళ్ల కిందటే రుజువైంది. అయినా మన ఊళ్లలో కంచం, గ్లాసు వేరు పెడుతూనే ఉన్నాం. పెళ్లి సంబంధం చెడుతుందని జబ్బు దాస్తూనే ఉన్నాం.

మామూలు క్షయకు ఆరు నెలల మందు. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. రెండో నెలకే దగ్గు తగ్గుతుంది, ఒంట్లో కాస్త సత్తువ వస్తుంది. అప్పుడే మిర్చి కోతలకు మేస్త్రీ పిలుస్తాడు. మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతోందని ఆపేస్తారు. అక్కడే కొంప మునుగుతుంది. పత్తిలో శనగపచ్చ పురుగు మందులకు ఎలా మొండికెత్తిందో మనం కళ్లారా చూశాం. క్షయ క్రిమీ అంతే. మధ్యలో ఆపితే మొండికెత్తుతుంది, మామూలు మందులకు లొంగదు. మూత్రం ఎర్రగా వస్తే భయపడి ఆపకండి, అది మాత్ర రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే డాక్టరుకు చూపించండి.

ఆపే తప్పు రోగిదొక్కడిదే అనుకోవద్దు. 2024 మార్చిలో మందులు చాలక, స్థానికంగా కొనుక్కోండని కేంద్రమే రాష్ట్రాలకు రాసింది. ఒక పక్క ఒక్క రోజూ మానొద్దని చెబుతూ, మరో పక్క మాత్రలు లేవంటే ఎలా?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. క్రిమి చాలామంది ఒంట్లోకి వెళుతుంది, అందరికీ జబ్బు రాదు. ఒంట్లో బలం లేనివాళ్లను ముందు పట్టుకుంటుంది. జార్ఖండ్‌లో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2023 ఆగస్టులో బయటికొచ్చాయి. అక్కడ రోగులందరికీ మందులతో పాటు నెలకు 10 కిలోల తిండి సరుకులు ఇచ్చారు. సగం ఇళ్లలో మాత్రం మిగతా కుటుంబానికీ తలకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. మొదట్లోనే బరువు పెరిగిన రోగులు చనిపోవడమూ బాగా తగ్గింది.

కిలోన్నర పప్పు, మిత్రులారా! ఆ పప్పు పండించేది మనమే. 2025-26కు కందులకు మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలని ప్రకటించారు. కొనుగోలు కేంద్రం తెరవకపోతే ఆ ధర కాగితం మీదే ఉంటుంది. మన కంది కళ్లంలో ధర లేక పడి ఉంటే, పక్క వీధిలో రోగి ఇంట్లో చారన్నమే గతి. ఈ రెంటినీ కలపమని మనం అడగాలి.

మన డిమాండ్లు ఇవి. కందులు, శనగలు మద్దతు ధరకు కొని, క్షయ రోగి ఇంటిల్లిపాదికీ ఆరు నెలలు పప్పు ఇవ్వాలి. పోషణ కోసం ఇచ్చే డబ్బు 2018లో నెలకు 500 ఉండేది, 2024 నవంబరు నుంచి 1,000 అయింది. అది రోగికి తిండి అవసరమైన నెలలోనే చేతికి రావాలి. పంట రుణం బాకీ ఉందని బ్యాంకు ఆ డబ్బు పట్టుకోకూడదు. ఆరోగ్య కేంద్రంలో మాత్రలు ఒక్క రోజు కూడా ఖాళీ కాకూడదు.

మనం చేయాల్సిందీ ఉంది. రెండు వారాలు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే తెమడ పరీక్షకు పంపండి. సర్కారు దవాఖానాలో పరీక్షా, మందూ ఉచితం. క్వారీల్లో రాతి దుమ్ము పీల్చేవాళ్లను ముందు పంపండి. వలస వెళ్లేవాళ్లు ముందుగా ఆశా కార్యకర్తకు చెబితే, వెళ్లిన చోట మాత్రలు అందే ఏర్పాటు ఉంది. పాలు కాచకుండా తాగొద్దు, పశువుల క్షయ పాల ద్వారా కూడా వస్తుంది.

వచ్చే నెల సమావేశానికి ప్రతి గ్రామ కమిటీ రెండు విషయాలు తెలుసుకుని రావాలి. మీ ఆరోగ్య కేంద్రంలో మాత్రలు ఎన్ని రోజులకు సరిపడా ఉన్నాయి? మందు వాడుతున్నవాళ్లలో ఎంతమందికి డబ్బు అందలేదు? పేర్లు రాయొద్దు, లెక్క చాలు. ఆ కాగితాలు పట్టుకునే కలెక్టరు దగ్గరికి వెళదాం.