ఖాళీ కాగితం మీద వేలుముద్ర వేయకండి

(జనగామలో మహిళా కూలీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మిర్చి ఏరడానికి పొద్దున్నే ఆటోలోనో ట్రాక్టరు ట్రాలీలోనో పోయిన మనిషి రాత్రికి ఇల్లు చేరుతుందన్న భరోసా లేదు. ప్రమాదం జరిగితే పంచనామా కాకముందే దవాఖాన దగ్గరికి ఒకడు వస్తాడు. "వకీలు మావాడే, ఖర్చంతా మాదే, వచ్చినదాంట్లో రూపాయికి ముప్పై పైసలు ఇవ్వండి" అంటాడు. ఏడుస్తూ ఉన్నప్పుడు ఎవరు కాగితం పెట్టినా వేలుముద్ర వేస్తాం. నేను చెప్పదలచుకున్నది ఆ కాగితం గురించే.

పరిహారంలో వాటా మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. దళారుల ద్వారా కేసులు పట్టడమూ తప్పే. అమెరికాలో వాటా పద్ధతి మామూలు, ఇక్కడ కుదరదు. ఫీజు ఎంతో ముందే అడగండి, కట్టినదానికి రసీదు తీసుకోండి. అడిగితే కోపగించుకునే వకీలు మనకెందుకు?

అసలు ఫీజు లేకుండానే వకీలును పొందే హక్కు మనకుంది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీ అయితే చాలు, ఆదాయం ఎంతని చూడరు. 15100కు ఫోన్ చేయవచ్చు. 2022 జూన్ 2 నుంచి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో జిల్లా కోర్టులున్నాయి, వరంగల్ దాకా తిరగనక్కర్లేదు. ప్రమాదం హైదరాబాద్ రోడ్డు మీద జరిగినా మనం ఉండేచోటే కేసు వేయవచ్చు. ఉచిత వకీలు సరిగా పట్టించుకోడని అంటారు. కొన్నిచోట్ల నిజమే. అప్పుడు మార్చమని దరఖాస్తు పెట్టండి.

ఆలస్యం మాత్రం చేయకండి. 1994లో ఎత్తేసిన గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలలుగా తిరిగి వచ్చింది. గడువు దాటిందని పిటిషన్లు కొట్టేయవద్దని 2025లో సుప్రీంకోర్టు తాత్కాలికంగా చెప్పినా, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ట్రాలీ సంగతిలో పెద్ద మెలిక ఉంది. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత వహించనక్కర్లేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ట్రాలీలో పోయిన కూలీల కేసుల్లోనూ కంపెనీలు ఇదే వాదిస్తాయి. ఆ వాదన నెగ్గితే భారం ట్రాక్టరు యజమాని మీద పడుతుంది. ఆయన మన ఊరివాడే, రేపు కూలికి పిలిచేదీ ఆయనే! కేసు వద్దని పెద్దమనుషులను పంపేదీ అందుకే. ఈ చిక్కు మొదటిరోజే విడమరచి చెప్పే వకీలు మంచివాడు. "లక్షలు పక్కా" అనేవాడిని నమ్మకండి.

చనిపోయింది ఆడమనిషైతే "ఇంట్లోనే ఉండేది, సంపాదన లేదు" అని రాసేస్తారు. 2021 జనవరిలో ఒక ప్రమాద కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ ఇంటిపనికి విలువ కట్టాల్సిందేనని రాశారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే తమ ప్రధాన పని అని చెప్పిన స్త్రీలు దాదాపు 16 కోట్లని గుర్తు చేశారు. మిర్చి ఏరింది, బర్రెను సాకింది, అత్తకు మంచంలో సేవ చేసింది. పిటిషన్‌లో ఇవన్నీ రాయించండి, రాసింది చదివించుకుని అప్పుడు వేలుముద్ర వేయండి.

డబ్బు వచ్చాక కొంత మన పేరనే బ్యాంకులో డిపాజిట్ చేయిస్తారు. ఆ పాసుపుస్తకం వకీలు దగ్గరా, మరిది దగ్గరా ఉండకూడదు.

సభ అయ్యాక ఎవరి దగ్గరైనా ఇలాంటి కాగితాలుంటే తీసుకురండి, కూర్చుని చదువుదాం.