పిల్లవాడి తలకు తగిన హెల్మెట్
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను మాట్లాడమన్నప్పుడు, "చదువూ సంఘమూ అంటూ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు భాయ్, మీరు మీ కొట్టు సంగతే చెప్పండి" అన్నారు. మన సభ్యుల పిల్లల్లో కొందరు ఆదివారాలు మట్టి ట్రాకు మీద చిన్న మోటారు సైకిళ్లు నేర్చుకుంటున్నారట. వాళ్లకి హెల్మెట్ ఎలా ఎంచుకోవాలో చెప్పమన్నారు. నేను హెల్మెట్లు అమ్ముకుని బతికేవాణ్ణే. అయితే ఇది నా సరుకు ప్రచారం కాదు. మీరు ఏ ఊళ్లో ఏ కొట్లో కొన్నా సరే, ఈ నాలుగు మాటలూ గుర్తుంటే నాకు చాలు.

మట్టి గుట్టల మీద ఎగురుతూ, గుంతల్లో దిగుతూ నడిపే ఈ పందేన్ని మోటోక్రాస్ అంటారు. పిల్లల కోసం 50 సి.సి. బండ్లు కూడా తయారు చేస్తున్నారు. ఒక సంగతి దాచకుండా ముందే మనవి చేస్తాను. పదహారేళ్ల లోపు పిల్లలకి ఇలాంటి బండ్లు అసలు ఇవ్వవద్దని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం ఎన్నో ఏళ్లుగా చెబుతూ వస్తోంది. మన ఇళ్లల్లో నానీలు, దాదీలు అనే మాటా అదే. అయినా సరదాపడిన పిల్లవాణ్ణి పంపే తండ్రులు పంపుతూనే ఉన్నారు. పంపాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం. పంపేటప్పుడు వాడి తల మీద ఏం పెట్టి పంపుతున్నారన్నది మాత్రం నేను అడగవలసిన ప్రశ్న.

హెల్మెట్ ఏం చేస్తుందో తెలిస్తే ఎలాంటిది కొనాలో సగం తెలిసినట్లే. పైన కనిపించే గట్టి చిప్పే తలను కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. అది కొంతవరకే నిజం. చిప్ప దెబ్బను ఒకేచోట పడనీయకుండా నలుదిక్కులకూ పంచుతుంది. రాయీ రప్పా లోపలికి దిగకుండా ఆపుతుంది. అసలు పని చేసేది దాని లోపలుండే థర్మోకోల్. టీవీ పెట్టెలో వచ్చేదాని జాతిదే, కాని ఇంకా చిక్కనిది. తల నేలను తాకినప్పుడు ఆ థర్మోకోల్ నలిగిపోతుంది. నలగడానికి పట్టే ఆ లిప్తపాటు కాలంలో తల కాస్త నెమ్మదిగా ఆగుతుంది. నెమ్మదిగా ఆగితే లోపల మెదడు పుర్రెకు కొట్టుకునే జోరు తగ్గుతుంది. ఉన్న రహస్యమంతా ఇదే. ఒకసారి నలిగిన థర్మోకోల్ మళ్లీ పొంగదు. కాబట్టి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్, పైకి గీత కూడా లేకపోయినా, దాని పని అయిపోయిందన్నమాటే.

ఈ విద్య పుట్టుక కూడా చెప్పుకోదగ్గదే. అరేబియా లారెన్స్ అని పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935లో ఇంగ్లండులో మోటారు సైకిలు మీద పోతూ, సైకిళ్ల మీద వస్తున్న ఇద్దరు కుర్రాళ్లను తప్పించబోయి పడిపోయాడు. తలకు తగిలిన దెబ్బతో కొద్ది రోజులకే మరణించాడు. ఆయన్ను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. ఆయన ఈ విషయం వదలకుండా పట్టుకుని, మోటారు సైకిళ్ల మీద తిరిగే సైనికుల తల గాయాల్ని పరిశీలించి, హెల్మెట్ ప్రాణాలు కాపాడుతుందని 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఈనాడు మన పిల్లల తల మీద ఉన్నది ఆ పరిశ్రమ ఫలితమే.

ఇక కొనే సంగతికి వద్దాం. మన ఇళ్లలో ఒక అలవాటుంది. పండక్కి పిల్లవాడికి కుర్తా కుట్టిస్తే వచ్చే ఏటికీ పనికొచ్చేలా రెండంగుళాలు వదులుగా కుట్టించి, చేతులు మడిచి తొడుగుతాం. బూట్లయితే ముందు దూది కుక్కుతాం. పొదుపైన అలవాటే, తప్పు పట్టను. కాని హెల్మెట్ దగ్గర మాత్రం ఆ లెక్క పనికిరాదు. "పెరిగే పిల్లాడు, ఒక సైజు పెద్దదివ్వండి" అని అడిగే తండ్రి వారానికొకరైనా నా కొట్టుకు వస్తారు. వదులు హెల్మెట్ పడేటప్పుడు తల మీద నిలవదు. ముందుకు జారి కళ్లు మూస్తుంది, లేకపోతే వెనక్కు పోయి నుదురు బయట పెడుతుంది. మొదటి దెబ్బకు ఊడిపోయినా ఆశ్చర్యం లేదు. నిజానికి తల మీరనుకున్నంత వేగంగా పెరగదు కూడా. పుట్టినప్పుడు 35 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉండే తల మొదటి ఏడాదిలోనే 46 దాకా వస్తుంది. ఆ తరువాత నెమ్మదిస్తుంది. ఆరేళ్లకు సుమారు 51. పెద్దవాళ్లకు 55 నుంచి 58 దాకా ఉంటుంది. అంటే కాళ్లూ చేతులూ ఎదిగినట్లు తల ఎదగదు. సరిగ్గా పట్టేది కొన్నా రెండు మూడేళ్లు వచ్చే అవకాశం బాగానే ఉంది. మధ్య మధ్య చూసుకుంటూ ఉండాలి, అంతే.

కొలవడానికి దర్జీ టేపు చాలు. కనుబొమ్మల పైన ఒక అంగుళం ఎత్తులో మొదలుపెట్టి, చెవుల పైనుంచి, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోటు మీదుగా చుట్టి తేవాలి. రెండు మూడుసార్లు కొలిచి ఎక్కువ వచ్చిన అంకె తీసుకోవాలి. ఒక తయారీదారుడి 'యూత్ మీడియం' మరొకడి 'యూత్ లార్జ్'తో సమానం కావచ్చు. అందుకే అక్షరాల్ని నమ్మకుండా సెంటీమీటర్లు అడగండి. పిల్లవాడి వయసు చెప్పి హెల్మెట్ తెచ్చుకోవడం మాత్రం శుద్ధ తెలివితక్కువ. పిల్లవాణ్ణి వెంట తీసుకునే రండి. వాడికి జుట్టు బాగా పెరిగి ఉంటే క్షవరం అయ్యాకే రావడం మంచిది. లేకపోతే కొన్న వారానికే హెల్మెట్ వదులైందని మళ్లీ నా దగ్గరికే వస్తారు.

తలకి పెట్టి చూడటంలో తొందరపడకూడదు. కొత్త హెల్మెట్ ఎక్కేటప్పుడు చెవుల దగ్గర కాస్త బిగువుగానే ఉంటుంది. పిల్లలు "అబ్బా, నొప్పి" అని పెద్దది అడుగుతారు. ఎక్కిన తరువాత చూడండి. చెంపల మెత్తలు బుగ్గల్ని కొద్దిగా లోపలికి నొక్కి, బుగ్గలు ఉబ్బినట్లు కనబడాలి. నుదుటికీ మెత్తకూ మధ్య మీ వేలు దూరకూడదు. హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టుకుని కుడికీ ఎడమకూ తిప్పితే నుదుటి చర్మం దానితోపాటు కదలాలి. చర్మం నిలిచి హెల్మెట్ ఒక్కటే జారితే అది పెద్దదే. తరువాత గడ్డం కింది పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని పైకెత్తి ముందుకు తోయండి. ఊడి వచ్చిందంటే అది ఎంత ఖరీదైనదైనా మీ వాడికి కాదు. ఈ పరీక్ష చాలా కొట్లలో ఎవ్వరూ చేయరు. మీరు చేస్తుంటే కొట్టువాడు విసుక్కున్నా పట్టించుకోకండి.

ఆ తరువాత పది, పదిహేను నిమిషాలు వాణ్ణి హెల్మెట్‌తోనే కూర్చోనివ్వండి. తీశాక నుదుటి మీద ఒకేచోట ఎర్రగా కమిలితే చుట్టుకొలత సరిపోయినా ఆకారం సరిపోలేదన్నమాట. పైనుంచి చూస్తే కొందరి తల గుండ్రంగా, కొందరిది కోడిగుడ్డులా పొడుగ్గా ఉంటుంది. కంపెనీకొక ఆకారం. వేరే రకం పెట్టి చూడాలి తప్ప సైజు పెంచకూడదు.

బరువు విషయం తల్లులు ముఖ్యంగా వినాలి. పిల్లల తల వాళ్ల శరీరానికి పెద్దది, మెడ సన్ననిది. పుట్టిన బిడ్డ పొడవులో తల నాలుగో వంతు ఉంటుంది, పెద్దవాళ్లలో ఏడో వంతో ఎనిమిదో వంతో. మధ్య వయసు పిల్లల తల ఇంకా బరువైన కాయే. ఆ మీద కిలోన్నర పెద్దల హెల్మెట్ మోపితే గుట్ట దిగిన ప్రతిసారీ మెడ వంగి లేస్తుంది. సాయంత్రానికి మెడ నొప్పి, అలసట. అలసిన పిల్లవాడే పడేది. పిల్లల కోసమే చిన్న చిప్పతో చేసిన హెల్మెట్లున్నాయి, అవే అడగండి. పెద్దల చిప్పలో మెత్తలు దట్టించి పిల్లలదని అమ్మేవీ ఉన్నాయి. మెత్త సుఖం కోసం పెట్టేది. దెబ్బను మింగే థర్మోకోల్ తల కొలతకు తగ్గట్టు ఉంటేనే ప్రయోజనం. లోపలి బట్ట తీయించి, వేలితో నొక్కి చూడండి. గట్టిగా, దాదాపు అంగుళం మందంతో ఉండాలి. మెత్తని స్పాంజి ఒక్కటే కనిపిస్తే మర్యాదగా తిరిగి ఇచ్చేయండి.

ముద్రల గురించి కొంచెం. మన దేశంలో రోడ్డు మీద వాడే హెల్మెట్‌కు 2021 జూన్ నుంచి ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి. ప్రమాణం ఐ.ఎస్. 4151. ముద్ర కింద సి.ఎం./ఎల్ అని ఒక అంకె ఉంటుంది. భారతీయ ప్రమాణాల సంస్థ వారి 'బి.ఐ.ఎస్. కేర్' యాప్‌లో ఆ అంకె కొడితే తయారీదారుడి పేరు కనబడుతుంది. కనబడకపోతే అది ముద్ర కాదు, బొమ్మ. విదేశీ మోటోక్రాస్ హెల్మెట్ల మీద డాట్ అని ఉంటుంది. అది అమెరికా వారిది, తయారీదారుడే తన సరుకు ప్రమాణానికి సరిపోయిందని చెప్పుకునే పద్ధతి. వృత్తంలో ఇంగ్లీషు ఇ అక్షరమూ పక్కన అంకే ఉంటే ఐరోపా ముద్ర, సాధారణంగా గడ్డం పట్టీకి కుట్టి ఉంటుంది. అందులో నంబరు 06తో మొదలైతే కొత్త ప్రమాణం. ఏటవాలుగా తగిలే దెబ్బను కూడా పరీక్షించేది అదే. నంబరు చివర పి అని ఉంటే గడ్డం భాగం రక్షణ ఇస్తుందని, ఎన్.పి. అని ఉంటే ఇవ్వదని అర్థం. మట్టిలో ముఖం బోర్లా పడే ఆటకు ఎన్.పి. ఎందుకు? పిల్లల మోటారు పందాలకని బరువును కూడా లెక్కలోకి తీసుకుని స్నెల్ సంస్థ వేరే ప్రమాణం పెట్టింది. 1957లో, అంతకు ముందు ఏడాది కారు పందెంలో తలకు దెబ్బ తగిలి చనిపోయిన ఒక పందెగాడి పేరు మీద వెలిసిన సంస్థ అది.

మోటోక్రాస్ హెల్మెట్‌కు ముందు పొడుచుకొచ్చిన పీకు ఉంటుంది చూశారూ, అది ఎండకూ, ముందు బండి చిమ్మే మట్టికీ అడ్డం. దాన్ని ప్లాస్టిక్ మరలతో బిగిస్తారు. పడినప్పుడు అది విరిగి పోవాలని, మెడను మెలి తిప్పకూడదని. మర పోయిందని ఇనుప మర బిగించే మెకానిక్కులున్నారు, జాగ్రత్త. ఈ హెల్మెట్‌కు అద్దం ఉండదు. గాగుల్స్ విడిగా కొనాలి. అందుకే గాగుల్స్ కూడా అక్కడే పెట్టి, కంటి సందులో సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో చూడాలి.

కళ్లు చెదిరే రంగుల వల్ల ఈ హెల్మెట్‌నే స్కూలుకు స్కూటరు మీద తీసుకుపోయేటప్పుడు కూడా పెట్టమని పిల్లలు మారాం చేస్తారు. ఐ.ఎస్.ఐ. ముద్ర లేకపోతే అది రోడ్డు మీద చెల్లదు. పైగా వేగంలో పీకును గాలి పట్టి లాగుతుంది. రోడ్డుకు రోడ్డు హెల్మెట్టే. అసలు చాలామందికి తెలియనిది, 2019 సవరణ ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ, వెనక కూర్చున్నా సరే, హెల్మెట్ ఉండాలి. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా ఉన్న పిల్లలకి కూడా హెల్మెట్, నడిపేవారికి కట్టే భద్రతా పట్టీ ఉండాలి. బండి వేగం 40 కిలోమీటర్లు మించకూడదు. నాన్న తలకు హెల్మెట్, ట్యాంకు మీద బిడ్డ బోడి తలతో - జుమ్మా నాడు మన వీధిలోనే చూస్తుంటాను.

టోపీ మీదనే హెల్మెట్ పెట్టవచ్చా అని అడుగుతారు. టోపీ మడతల వల్ల హెల్మెట్ ఎత్తుగా కూర్చుంటుంది, జారుతుంది. తీసి జేబులో పెట్టుకోండి. ఆడపిల్లలు స్కార్ఫ్ కట్టుకుంటే పలుచని బట్ట, ముడి లేకుండా, ముఖ్యంగా పిన్నులు లేకుండా. అలా కట్టుకునే, హెల్మెట్ పెట్టి కొలత చూసుకోవాలి.

పట్టీ సంగతి. మోటోక్రాస్ హెల్మెట్‌కు రెండు ఇనుప వలయాలుంటాయి. పట్టీని రెండింటిలోంచి దూర్చి, వెనక్కు తిప్పి ఒకదానిలోంచి లాగాలి. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. పిల్లవాడి చేత పదిసార్లు చేయించండి. వాడికి వచ్చేస్తుంది, మనకే ఆలస్యం.

ఇంట్లో దాన్ని కిరసనాయిలుతోగాని, థిన్నరుతోగాని తుడవవద్దు. పెట్రోలు తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. లోపలి బట్ట చంటిపిల్లల షాంపూతో ఉతికి నీడన ఆరేయండి. వాడిన హెల్మెట్ ఎవరిచ్చినా తీసుకోకండి, చుట్టాలిచ్చినా సరే. అది ఏ దెబ్బ తిన్నదో ఎవరికి తెలుసు? దెబ్బ తినకపోయినా అయిదేళ్లకు మార్చడం మంచిది.

చివరగా ఒక్క విషయం. పిల్లవాడు పడి లేవకపోతే మనవాళ్లు చేసే మొదటి పని హెల్మెట్ గుంజి తీసి నోట్లో నీళ్లు పోయడం. రెండూ వద్దు. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ అలాగే ఉంచి, తలా మెడా కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయండి. ఊపిరి అందక తీయక తప్పకపోతే ఒకరు కింద నుంచి మెడను, దవడను కదలకుండా పట్టుకోవాలి, రెండోవారు పట్టీ విప్పి నెమ్మదిగా లాగాలి. కొన్ని కొత్త హెల్మెట్లకు చెంపల మెత్తలు ముందే లాగేసేందుకు ఎర్ర నాడాలుంటాయి. కొనేటప్పుడే కొట్లో అవి ఎలా లాగాలో చూపించుకోండి.

నేను టేపు తెచ్చుకున్నాను. భోజనాలయ్యే దాకా బయట వరండాలో బల్ల దగ్గర ఉంటాను. పిల్లల్ని తీసుకొస్తే తల కొలిచి చీటీ మీద రాసిస్తాను. ఆ చీటీతో ఏ కొట్టుకైనా వెళ్లండి. సెలవు.