‘వెళ్ళుట’ అను క్రియ

స్పానిష్ భాషలో ‘వెళ్ళుట’ అనుటకు ‘ఈర్’ అని రెండే రెండు అక్షరములు. ఆ భాషా నిఘంటువులో ఇంతకంటె పొట్టి క్రియ కనబడదు. కాని యీ పొట్టివాడు నేర్చుకొనువారిని పెట్టు తిప్పలు ఇన్నిన్ని కావు. ‘మాట్లాడుట’ అను నర్థమిచ్చు ‘అబ్లార్’ వంటి క్రియలు బుద్ధిమంతులు. మొదలు కదలనీయక తుదిని మార్చుకొన్నచో కాలములన్నియు వరుసగా వచ్చి నిలుచును. ‘ఈర్’ అట్లు గాదు. వర్తమానమున దాని ముఖమే మారిపోవును. భూతకాలమున మరియొక క్రియ వేషము వేసికొని వచ్చును. భవిష్యత్తులో మాత్రము ఏమియు నెరుగనట్లు తన సహజరూపముతో నెదుట నిలుచును. మేము ఈ భాషను నేర్వ నారంభించిన దినములలో ఈ క్రియారూపముల పట్టికను వ్రాసి గోడకు అంటించుకొని మూడు నెలలు వల్లించితిమి. పట్టిక కంఠస్థమయ్యెను గాని క్రియ మాత్రము పట్టుబడలేదు. అది యెట్లు పట్టుబడినదో తరువాత మనవి చేసెదము.

ముందు వర్తమానము. నేను వెళ్ళుచున్నాను అనుటకు ‘బొయ్’, నీవైనచో ‘బాస్’, అతడైనను ఆమెయైనను ‘బా’, మేమైనచో ‘బామోస్’, మీరు ‘బైస్’, వారు ‘బాన్’. వ్రాతలో వీని మొదట నుండునది ఇంగ్లీషువారి ‘వి’ అక్షరమే యైనను, స్పానిష్ నోట నది బకారముగనే పలుకును. ఇచ్చట తెలుగువారికొక సౌలభ్యమున్నది. ‘వెళ్ళుచున్నాను’ అన్నచో ‘నేను’ అని వేరుగ చెప్పనక్కరలేదు గదా! స్పానిష్ వారికిని అంతియే. ‘బొయ్’ అన్న ఒక్క మాటలో కర్తయు క్రియయు ఇమిడియున్నవి. ‘బా’ అనునది స్త్రీపురుషులకు సమానమగుట విని ఆశ్చర్యపడ నవసరము లేదు. మన ‘వెళ్ళెను’ మాత్రము సమానము కాదా? అయితే ‘మేము’, ‘మనము’ అను భేదము వారికి లేదు. ‘బామోస్’ అన్నచో వినువానిని కలుపుకొన్నారో, వదలివేసినారో సందర్భమును బట్టి ఊహించుకొనవలసినదే. ఆ మాటయే గట్టిగ నన్నచో ‘పదండి’ అను నర్థము కూడ వచ్చును.

గౌరవమున మీరు అనుటకు ‘ఉస్తెద్’ అని వేరొక మాట యున్నది. దాని వెంట క్రియ ‘బా’ యే గాని, నీవునకు వచ్చు ‘బాస్’ గాదు. కారణమేమనగా, ‘ఉస్తెద్’ పూర్వము ‘బ్వేస్త్రా మెర్సేద్’, అనగా ‘తమ కృప’ అను నర్థముగల గౌరవవచనము. ఎదుటివానినే మూడవవానిగ జేసి చెప్పుట యన్నమాట. ‘అయ్యవారు భోజనము చేసిరా?’ అని అయ్యవారినే అడుగు మర్యాద మన యిండ్లలో లేదా? ఇక స్పెయిను దేశమున స్నేహితులనుద్దేశించి వాడు ‘బైస్’ అను రూపము అమెరికా ఖండమునందలి స్పానిష్ దేశములలో వాడుకయందు లేదు. అచ్చట స్నేహితులైనను, పెద్దలైనను బహువచనమున ‘బాన్’ ఒక్కటియే.

ఇంతకును ‘ఈర్’ నుండి ‘బొయ్’ ఎట్లు పుట్టెను? పుట్టలేదు. అవి వేర్వేరు తల్లుల బిడ్డలు. స్పానిష్ భాషకు మాతృక యగు లాటిన్ లో ‘ఈరె’ యని ఒక క్రియ, ‘వాదెరె’ యని ఇంకొక క్రియ యుండెను. రెండును పోవుటనే చెప్పును. మొదటి దాని రూపములు మరీ చిన్నవై, పలుకులో అరిగిపోవుచుండగా, వర్తమానమున రెండవది వచ్చి ఆ చోటు నాక్రమించినది. భూతకాలమునకు వచ్చునప్పటికి ‘ఉండుట’ అను క్రియ యొక్క లాటిన్ భూతరూపము చేరినది. మూడు క్రియల ముక్కలు కలిపి కుట్టిన బొంత యిది. విడ్డూరమని నవ్వుకొనుటకు ముందు మన ‘వచ్చు’ ధాతువును చూచుకొందము. వచ్చెను, వచ్చుచున్నాడు అందుము; కాదన్నప్పుడు రాడు, రాలేదు; పిలిచినప్పుడు రమ్ము; నామముగ రాక. ‘వచ్చు’ ఎక్కడ, ‘రా’ ఎక్కడ? తెలుగు నేర్వబూనిన పరదేశీయుడెవ్వడైనను ఈ చోట తల పట్టుకొనక తప్పదు. మిక్కిలి వాడుకలోనున్న మాటలకే ఇట్టి వంకరలు నిలిచియుండును. అరుదైన మాట తప్పుగ పలికినను దిద్దువారుండరు. దినమునకు నూరుమారులు పలుకు మాటను పసిపిల్లలు అట్లే పట్టుకొని పెద్దలగుదురు.

భూతకాలమున ‘ఫుయి’ అనగా వెళ్ళితిని. ‘ఫ్వే’ అనగా వెళ్ళెను. కాని ‘ఉంటిని’, ‘ఉండెను’ అనుటకు కూడ ఇవే మాటలు! ‘ఫ్వే మేదికో’ అన్నచో అతడు వైద్యుడుగ నుండెను. ‘ఫ్వే అల్ మేదికో’ అన్నచో వైద్యుని కడకు వెళ్ళెను. నడుమ నున్న ‘అల్’ అను చిన్నముక్క గమ్యమును చూపుచున్నది. ఈ చిక్కు పైకి భయపెట్టునదే గాని, నిజమునకు పొరబాటు పడుట అరుదు.

భూతకాలమునకు వేరొక రూపము కూడ కలదు: ‘ఈబా’. ఒకమారు వెళ్ళి ముగించినది ‘ఫ్వే’. వెళ్ళుచుండెను, వెళ్ళుచుండెడివాడు, అను అలవాటునకు, కొనసాగుటకు ‘ఈబా’. ఆ భాషలోని క్రియలన్నిటిలో ఈ కాలమున నియమము తప్పునవి మూడే, వానిలో నిదియొకటి.

భవిష్యత్తు మాకు అన్నిటికంటె ముచ్చట గొలిపినది. ‘ఇరే’ వెళ్ళుదును, ‘ఇరాస్’ వెళ్ళుదువు, ‘ఇరా’ వెళ్ళును, ‘ఇరాన్’ వెళ్ళుదురు. ఈ కడపటి మాటకును ఇరాన్ దేశము పేరునకును ఉచ్చారణలో భేదమే లేదు. ‘ఇరే’ అనునది ‘ఈర్’ నకు ‘ఎ’, అనగా ‘కలిగియున్నాను’ అను మాట అతుకుటచే నేర్పడినది. ‘నాకు వెళ్ళవలసియున్నది’ అనుటయే క్రమముగ ‘వెళ్ళుదును’ అయినది. 1492లో ఆంతోనియో దే నెబ్రిహా తన కాస్తిలియన్ వ్యాకరణమును ప్రకటించినప్పుడే ఈ అతుకును గుర్తించి వ్రాసినాడు. ఆ గ్రంథము వెలువడినదియు, కొలంబసు ఓడలు పడమటికి సాగినదియు ఒకే సంవత్సరము. నేడు సంభాషణలో ‘ఇరే’ వంటి రూపముకంటె ‘బొయ్ ఆ’ అని క్రియకు ముందు చేర్చుటయే మెండు. ‘బొయ్ ఆ కొమేర్’ అనగా తినబోవుచున్నాను. తినుటకును పోవుటకును ఏమి సంబంధమని అడుగవచ్చును. మన ‘తినబోవు’ లోని పోవుటకు మాత్రమేమి సంబంధము? ఏ చుట్టరికమును లేని రెండు భాషలు రానున్న కాలమును ఒకే నడకతో చూపుచున్నవి.

కోరికను చెప్పునప్పుడు మరల రూపము మారును. ‘సే కే బా’ అన్నచో అతడు వెళ్ళుచున్నాడని ఎరుగుదును. ‘కియెరో కే బాయా’ అన్నచో అతడు వెళ్ళవలెనని కోరుచున్నాను. ఎరిగినదానికి ‘బా’, కోరినదానికి ‘బాయా’. ఇక ఆజ్ఞారూపములలో, పలువురు మిత్రులను వెళ్ళిపొండనుటకు వ్యాకరణము విధించినది ‘ఈదోస్’. జనులు మాత్రము ‘ఈరోస్’ అనుచు వచ్చిరి. 1713లో స్థాపితమైన స్పానిష్ అకాడమీ ఎట్టకేలకు 2017లో ‘ఈరోస్’ ను గూడ అంగీకరించినది. గిడుగు రామమూర్తి పంతులుగారి నాటి వాదములను ఎరిగిన తెలుగువారికి ఇట్టి వార్త వింత గాదు.

ఇప్పుడు మా సంగతి. స్పెయిను దేశమున ఒక చిన్న పట్టణములోని ఉపాధ్యాయునితో మాకు ఉత్తరప్రత్యుత్తరములు జరుగుచుండెడివి. ఒకనాటి ఉత్తరమున ఆయన, ‘మి మాద్రే సే నోస్ ఫ్వే ఎన్ మార్సో’ అని వ్రాసినారు. ‘సే ఫ్వే’ అనగా బయలుదేరి వెళ్ళెనని మా పట్టిక చెప్పినది. మార్చి నెలలో వారి తల్లిగారు ఎచ్చటికో ప్రయాణమైరని తలంచి, ఎచ్చటికి వెళ్ళిరి, ఎప్పుడు తిరిగివత్తురు అని ఒక్క కాలమైనను తప్పకుండ వ్రాసి, ఆ శుద్ధతకు మాలో మేమే మురిసి, ఉత్తరమును టపాలో వేసితిమి.

నాలుగు దినముల తరువాత పొరుగింటి ఆయన మా గుమ్మములో నిలిచి, ‘మా మామగారు పోయినారండీ’ అనిరి. ఎచ్చటికి అని మా యింట నెవ్వరును అడుగలేదు. అప్పుడు మాకు గుండె గుభేలుమన్నది. బయటికి వెళ్ళువాడు ‘పోవుచున్నాను’ అన్నచో నోరు మూయించి ‘వెళ్ళివచ్చెద ననుము’ అని దిద్దు ఇంటిలో పుట్టి పెరిగిన మేము, ‘సే నోస్ ఫ్వే’, అనగా ‘మమ్ము విడిచిపోయెను’ అను మాటను గుర్తింపలేకపోయితిమి. ఆ రాత్రియే క్షమాపణ వ్రాసితిమి. అది చేరులోపల మొదటి ఉత్తరము చేరియుండును గదా యని నెల దినములు మనసు మనసులో లేదు.

జవాబు వచ్చినది. ఆయన మా తప్పును ఎత్తనేలేదు. తల్లిగారిని గూర్చి ఒక పుట నిండ వ్రాసినారు. ‘ఈబా అల్ మెర్కాదో లోస్ హ్వేబెస్’ — గురువారములలో సంతకు వెళ్ళుచుండెడిది, మెట్ట దారిన వెళ్ళుచుండెడిది, ఒంటరిగ వెళ్ళుచుండెడిది. ఆ పుటలో ‘ఈబా’ తొమ్మిదిమారు లున్నది, మేము లెక్కించితిమి. ‘ఫ్వే’ ఒక్కసారియే, కడపటి పంక్తిలో.